పద్దు పరులది, పూచీ మనది

మేమును మా తోడికోడలును ఇంట ఊరగాయలు పెట్టి అమ్ముచున్నాము. బేరము పెరుగగా, చిట్టా వ్రాయుటయు, 2017 జూలై 1 నుండి అమలునకు వచ్చిన జి.యస్.టి. రిటర్నులు దాఖలు చేయుటయు ఒక బయటి గుమాస్తాకు అప్పగించితిమి. పన్ను సొమ్మును ఆయన చేతికే ఇచ్చి నిశ్చింతగా నుంటిమి.

ఒకనాడు మా సరకు కొనెడి వర్తకుడు, "అమ్మా, మీ రిటర్నులు నాలుగు నెలలుగా దాఖలు కాలేదు, మాకు పన్ను జమ దొరకుట లేదు" అనెను. విచారింపగా, నమోదునాడు గుమాస్తా మా ఫోను నంబరునకు బదులు తన నంబరునే వ్రాసెనని తెలిసినది. హెచ్చరికలన్నియు ఆయనకే పోయినవి! ఆలస్య రుసుమును, పన్నుపై సాలుకు నూటికి 18 రూపాయల వడ్డీని మేమే చెల్లించితిమి. చట్టము వర్తకునే అడుగును గాని గుమాస్తాను అడుగదు.

పని ఒరులకిచ్చుట తప్పుగాదు. నేడును వేరొకరిచేత వ్రాయించుచునే యున్నాము. కాని ఫోను నంబరు మాది. పన్ను మా బ్యాంకు ఖాతానుండి మేమే కట్టుదుము. మరుసటి నెల 20వ తేదీలోగా దాఖలు రసీదును కన్నులార చూతుము. వంటమనిషి నుంచుకొన్నను గృహిణి ఉప్పు చూచుట మానదు గదా!