నా పేరు, మా మనుమని ఆట

పిల్లలాడు వీడియో గేములను గూర్చి యొక అమ్మమ్మ వ్రాయబూనుట సోదరీమణులకు వింతగా తోచవచ్చును. నాకును వింతగానే యున్నది. కాని గత వేసవిలో మా యింట జరిగిన చిన్న సంగతి యొకటి నా మనస్సును విడువకున్నది. దానిని మీతో చెప్పుకొనినగాని నాకు తీరదు.

మా కూతురి కొడుకు సెలవులకు హైదరాబాదు నుండి మా భూపాలపల్లికి వచ్చెను. వానికి పండ్రెండేండ్లు. ఎండ తీవ్రముగా నుండుటచే వానిని బయటికి పోనీయక, నడవలో చాప పరచి కూర్చుండబెట్టితిని. నేను ప్రక్కనే తొక్కుకు కోసిన మామిడికాయ ముక్కలను బట్టతో తుడుచుచుంటిని. వాడు చేతిలో ఆటయంత్రము పట్టుకొని ఆడుచు ఒక్కసారిగా కేక వేసెను.

“అమ్మమ్మా, శివ వచ్చింది! ఇగ అందరు గడ్డకట్టుకపోతరు!”

“శివుడు వచ్చిండు అనాలె గాని, వచ్చింది ఏందిరా?”

“శివుడు కాదమ్మమ్మా, శివ. ఆడమనిషి” అని వాడు తెరను నావైపు త్రిప్పెను. చూతును గదా, నీలివన్నె శరీరముతో, చాలీచాలని బట్టలతో ఒక యువతి శత్రువులపై మంచు విసరుచున్నది! నాకు ఒడలు మండెను. ముక్కలను విడిచి లేచి, వాని చేతిలోని యంత్రమును లాగుకొని బీరువాలో పెట్టి తాళము వేసితిని. వాడు ఏడ్వలేదు. “ఆ పేరు నేను పెట్టలేదు గద” అని మాత్రము మెల్లగా అనెను. పగలంతయు ఆ మాట నన్ను గ్రుచ్చుచునే యుండెను.

సాయంకాలము చల్లబడిన పిమ్మట వానిని దగ్గరకు పిలిచి, ఆ ఆట కథ యేమని అడిగితిని. కొంత వాడు చెప్పెను. కొంత మా అమ్మాయి ఫోనులో చెప్పెను. కొంత నేను చదివి తెలిసికొంటిని. అది ఫైనల్ ఫాంటసీ అను జపానువారి ఆట. 1987లో ప్రారంభమై యెన్నో భాగములుగా వెలువడినది. 1990 నాటి మూడవ భాగము నుండి ‘శివ’ మంచుశక్తి గల స్త్రీగా అందులో కనబడుచున్నది. ఆటగాడు పిలిచినప్పుడు వచ్చి సాయము చేసిపోవు శక్తులలో ఆమె యొకతె.

ఆమెకు తోడుగా నున్న తక్కిన పేర్లును ఇట్టివే. ఇఫ్రీతు అరబ్బుల కథలలోని జిన్ను. బహమూతు వారి కథలలో భూమికి అడుగున నుండి భారము మోయు మహామత్స్యము. మన ఆదిశేషుని వంటిది. ఆటలో మాత్రము అది రెక్కలు గల మహాసర్పమైనది. లెవయాతన్ యూదుల పవిత్రగ్రంథములలోని సముద్రసర్పము. ఒడిన్ ఉత్తర ఐరోపా ప్రజలు పూర్వము కొలిచిన దేవతలలో పెద్ద. వేరువేరు జాతులవారు భయభక్తులతో ఉచ్చరించిన నామములన్నియు ఒక పెట్టెలో చేరి, పిల్లవాని బొటనవ్రేలి క్రింద నిలిచియున్నవి.

జపానువారు మరికొన్ని ఆటలలోను మన పేర్లు వాడుకొనిరి. 2004లో వచ్చిన డిజిటల్ డెవిల్ సాగా అను ఆటలో ముఖ్యపాత్రలు ధరించు భీకరరూపములకు వరుణుడు, అగ్ని, పృథివి, వాయువు, ద్యౌస్సు అను వేదదేవతల పేర్లున్నవి. 2012లో వచ్చిన అసురాస్ రాత్ అను ఆటలో కథానాయకుడే అసురుడు. అతని భార్య పేరు దుర్గ! అసురసంహారిణియైన తల్లిని అసురునకే యిల్లాలిని చేసిన ఆ చిత్రమునకు నవ్వవలెనో కోపింపవలెనో నాకు తెలియలేదు. అయితే అసురశబ్దము మనలోనే మారినదని చదివితిని. ఋగ్వేదములో వరుణాది దేవతలకు అది గౌరవవాచకము. రాక్షసుడను అర్థము తరువాత స్థిరపడినది.

జపానువారికి మన దేవతలు ఈ ఆటలతో క్రొత్తగా పరిచయమైనవారు కారు. వేయియేండ్లకు పూర్వమే బౌద్ధమతముతో వారు చైనా మీదుగా అచ్చటికి పోయిరి. మన సరస్వతి అచ్చట బెంజైతెన్ అను పేర వాద్యము చేతబట్టి పూజలందుకొనుచున్నది. మన యముడు వారికి ఎమ్మా. శివుని మహాకాలరూపము దైకోకుతెన్ అయి, బియ్యపు మూటలపై నిలిచి నవ్వుచు సంపద నిచ్చు దేవుడైనది. మా జిల్లాలోనే, గోదావరీ ప్రాణహితల సంగమమున, కాళేశ్వరములో యముడును శివుడును ఒకే పానవట్టముపై రెండు లింగములుగా వెలసియున్నారు. మేము కార్తికమున అచ్చట స్నానము చేసి వత్తుము. ఆ కాలుడు సముద్రము దాటి యెవరి యింటనో నవ్వుచు బియ్యపు మూటలు కాచుచున్నాడని తెలిసినప్పుడు నాకు కోపము రాలేదు. అచ్చటివారు ఆయనకు గుడి కట్టిరి, పూజ చేసిరి, తమ కథ చెప్పుకొనిరి. ఆటలోనో, పేరును శక్తియు మాత్రమే మిగిలినవి.

ఈ మాటయే నేను మనుమనితో అంటిని. వాడు కొంతసేపు ఆలోచించి, “మరి మన లక్ష్మి సంగతేంది అమ్మమ్మా?” అని అడిగెను. ఏ లక్ష్మి యంటిని. “మేడిగడ్డ లక్ష్మి. ‘లక్ష్మి కుంగింది’ అని తాత అన్నడు గద. తాతను నువ్వు తిట్టలేదు.”

నాకు నోట మాట రాలేదు. కాళేశ్వరము ఎత్తిపోతల పథకములో మేడిగడ్డ బ్యారేజికి లక్ష్మి యనియు, అన్నారము బ్యారేజికి సరస్వతి యనియు, సుందిళ్ల బ్యారేజికి పార్వతి యనియు పేర్లు పెట్టిరి. 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభములు కొన్ని కుంగినప్పుడు మా యింటను ఇరుగుపొరుగున ‘లక్ష్మి కుంగినది’ అనియే చెప్పుకొంటిమి. అందులో నాకు తప్పు తోచలేదు. సిమెంటు గోడకు తల్లి పేరు పెట్టినప్పుడు లేని కోపము, బొమ్మకు పెట్టినప్పుడు ఎట్లు వచ్చినది?

మనవారు చేసిన ఆటలు లేవా యని మా అమ్మాయిని అడిగితిని. 2009లో హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ అను సంస్థవారే ప్లేస్టేషన్ 2 యంత్రము కొరకు ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను ఆటను తయారుచేసిరట. దేవుని మీటలు నొక్కి ఆడించుట తగదని అమెరికాలోని హిందూ ప్రముఖు డొకరు ఆక్షేపించెను. 2012లో స్మైట్ అను అమెరికా ఆటలో కాళికాదేవిని చూపిన తీరు మీదను అట్టి ఆక్షేపణయే బయలుదేరినది. 2020లో పూణెవారు చేసిన రాజీ అను ఆట మాత్రము నాకు నచ్చినది. అందులో రాజీ అను పేదపిల్ల, అసురులెత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు బయలుదేరును. దుర్గయు విష్ణువును ఆమె కథను చెప్పుకొనుచుందురు. ఆటగాడు నడిపించునది మనిషిపిల్లను. దేవతలు పైనుండి చూచుచుందురు.

ఇంతవరకు నేను న్యాయము చెప్పు స్థానమున కూర్చుంటిని. మరునాడు నేనే దోషిగా నిలువవలసి వచ్చెను.

బ్యాంకుకు పోవుటకై బీరువా తెరచితిని. తన ఆటయంత్రము కనబడునేమో యని మనుమడు వెనుకనే వచ్చి, నా పాసుపుస్తకము తీసి చదివెను. “సమ్మక్క ఎవరు అమ్మమ్మా?”

“నేనే” అంటిని.

మా అమ్మకు నాకు ముందు ఇద్దరు బిడ్డలు దక్కలేదు. మేడారము గద్దెల యెదుట ఆమె మ్రొక్కుకొనగా నేను పుట్టితిని. నా యెత్తు బెల్లము తూచి తల్లికి సమర్పించి నాకు ఆ పేరు పెట్టిరి. ఆ బెల్లమును మావైపు బంగారమందురు. మా ప్రాంతపు పల్లెలలో సమ్మక్కలు, సారక్కలు, సమ్మయ్యలు, సారయ్యలు ఎందరో కలరు. పెండ్లియైన పిమ్మట మా వారికి బొగ్గుగనిలో ఉద్యోగము దొరికి క్వార్టర్లలో కాపురము పెట్టితిమి. అచ్చట ఒక పొరుగామె నా పేరడిగి, విని, “అడవి పేరు” అని నవ్వినది. ఆమె మరునిమిషమే మరచియుండును. నేను మాత్రము మరునాటి నుండి మరియొక నాజూకైన పేరు చెప్పుకొనుచు వచ్చితిని. ముప్పదియేండ్లకు పైగా అదే నిలిచినది. అసలు పేరు కాగితములలో మాత్రమే మిగిలినది.

మనుమడు మరల అడిగెను: “ఆ సమ్మక్క దేవత ఏ గేముల ఉన్నది?”

“ఏ గేములను లేదు బిడ్డా.”

“అయితే చిన్న దేవతనా?”

ఆ ప్రశ్న నా గుండెను తాకినది. శివుని పేరు తెలియక వాడుకొన్నారని దూరదేశపువారిని నిందించితిని. నా తల్లి పేరు తెలిసియుండియు దాచుకొన్నదానను నేనే. పిల్లవానికి కథ చెప్పవలసినవారు మౌనముగా నుండిన, వాడు దేవతల పెద్దరికమును ఆటపెట్టెను బట్టియే కొలుచును గదా!

ఆ రాత్రి డాబాపై ప్రక్కలు పరచి, మా అమ్మ నాకు చెప్పినట్లే వానికి చెప్పితిని. అడవిలో పులుల నడుమ ఆడుకొనుచు దొరికిన పసిబిడ్డ సమ్మక్క. పెరిగి పగిడిద్దరాజును పెండ్లాడినది. కరవు వచ్చి ప్రజలు కప్పము కట్టలేకపోగా కాకతీయ ప్రభువు సేనను పంపెను. కూతురు సారలమ్మ పోరాడి పడిపోయినది. కొడుకు జంపన్న సంపెంగవాగులో దుమికి ప్రాణము విడిచెను. అదియే నేడు జంపన్నవాగు. సమ్మక్క ఒంటరిగా పోరుచుండగా వెనుకనుండి పొడిచిరి. ఆమె నెత్తురోడుచు చిలుకలగుట్టవైపు నడిచిపోయి కనబడలేదు. వెదకిన జనులకు చెట్టు క్రింద కుంకుమభరిణె దొరికినది.

“ఆమె పవర్ ఏంది?” అని వాడు అడిగెను. ఆటలో ప్రతివారికిని ఒక శక్తి యుండవలెను గదా. నేను కొంత తడబడి, “కప్పం కట్టలేనోళ్ల పక్కన నిలబడ్డది. అదే” అంటిని. వాడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, తాను పెద్దవాడైన వెనుక ఆమె మీద ఆట చేయుదుననెను.

నేను వలదనలేదు. ముందుగా మేడారము చూడుమంటిని. 2016లో మా జిల్లా యేర్పడినప్పుడు మేడారము ఇందులోనే యుండెను; 2019 నుండి ములుగు జిల్లాలో నున్నది. రెండేండ్ల కొకసారి మాఘమాసమున జాతర జరుగును. గద్దెలపై విగ్రహములుండవు. కోయపూజారులు సమ్మక్కను చిలుకలగుట్ట నుండి కుంకుమభరిణె రూపమున తోడ్కొనివత్తురు. “ముఖమే లేకపోతే గేముల ఎట్ల చూపెట్టాలె?” అని వాడు అడిగెను. అది నీవే ఆలోచించుకొమ్మని చెప్పి, తెల్లవారి వాని యంత్రము వానికిచ్చివేసితిని.

సోదరీమణులారా! మీ పిల్లలాడు ఆటను లాగుకొనకముందు ఒకసారి ప్రక్కన కూర్చుండి, అందులోని పేర్లేవో అడిగి చూడుడు. అందు మీకు తెలిసిన పేరు తప్పక యుండును. దాని కథ మీకు వచ్చినంతలో చెప్పుడు. ఆటలో లేని పేరు మీ యింట ఏదైన నున్నచో, దానిని ముందుగా చెప్పుడు.

నా పొరుగువారందరు నన్నింకను క్రొత్త పేరుననే పిలుచుచున్నారు. వారి నోట అది యొక్కనాటిలో మారదు. ఈ వ్యాసమునకు మాత్రము మా అమ్మ పెట్టిన పేరే వ్రాయుచున్నాను.

— సమ్మక్క, భూపాలపల్లి