వరస వంకరపోయింది

పనోరమా మోడ్‌తో మన కాలేజీలో జరిగే పని ఒక్కటే. గ్రూప్ ఫోటోలో ఎడమ చివర నిలబడ్డవాడు, ఫోన్ అటు తిరగ్గానే వెనకనుంచి పరిగెత్తుకెళ్ళి కుడి చివర నిలబడతాడు. ఫోటోలో ఇద్దరవుతాడు. ఫస్టియర్‌లో నేనూ చేశాను. కుడివైపు నేను నోరు తెరుచుకుని ఆయాసపడుతూ ఉంటాను. ఓసారి మా వీధి కుక్కని తీస్తే ఆరు కాళ్ళొచ్చాయి. అంతకుమించి ఆ మోడ్‌తో నాకు పని పడలేదు, మొన్న కనుమ దాకా.

మాది గంగలకుర్రు. (నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతానంది.) కనుమ రోజు మాకు జగ్గన్నతోట తీర్థం. మొసలపల్లి దగ్గర కొబ్బరితోటలో పదకొండు ఊళ్ళ శివుళ్ళు, అంటే ఏకాదశ రుద్రులు, ప్రభల మీద వచ్చి కలుస్తారు. అక్కడ గుడి ఉండదు, తోటే. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఢిల్లీలో నడిచిన మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. ప్రభ అంటే వెదుళ్ళూ కర్రలతో ఎత్తుగా కట్టి, రంగుల గుడ్డలు చుట్టి, పూలూ గంటలూ కట్టిన అర్ధచంద్రం లాంటిది. భుజాల మీద మోస్తారు. మా ఊరి ప్రభ వరిచేలకి అడ్డంపడి, కౌశికలో దిగి, అవతలి గట్టెక్కాలి. నడుంలోతు నీళ్ళలో, "అశ్శరభ శరభ" అని అరుచుకుంటూ.

తాతయ్య ఓపికున్నన్నాళ్ళూ ప్రభకి భుజం పట్టాడు. ఓపిక తగ్గాక కూడా గట్టు మీద నిలబడి కేకలేసేవాడు. ఈసారి కార్తీకమాసంలో నూతి దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. వాకర్ పట్టుకుని మంచం నుంచి అరుగు దాకా వస్తాడంతే. తీర్థానికి వెళ్ళకపోవడం ఆయనకిదే మొదలు. పొద్దున్న నేను బయల్దేరుతుంటే ఒకటే మాట అన్నాడు: "ఫోటో తియ్యరా. ముక్కలు ముక్కలుగా కాదు, మొత్తం కనబడాలి."

కాలవ దగ్గర తీసినవన్నీ పాడయ్యాయి. పనోరమా ఒక్క క్షణంలో తీసే ఫోటో కాదు కదా, ఫోన్ తిరుగుతున్నంతసేపూ సన్నసన్నటి నిలువు ముక్కలు తీసి అతికిస్తుంది. ఎడమ అంచుకీ కుడి అంచుకీ మధ్య ఏడెనిమిది సెకన్లు గడిచిపోతాయి. ప్రభ వెళ్ళేవైపే ఫోన్ తిప్పితే ప్రభ సాగిపోయింది. ఎదురు తిప్పితే నలిగిపోయింది. మోసేవాళ్ళ కాళ్ళ సంగతి చెప్పను, కుక్కే నయం.

తోటలోకి వెళ్ళాక ప్రభలు నిలబడతాయి కాబట్టి పని కుదిరింది. ముందు ఫోన్ అడ్డంగా పట్టుకుని కింద నుంచి పైకి లేపాను. మోసినవాళ్ళ బురదకాళ్ళ దగ్గర మొదలై ప్రభ కొస దాటి, కొబ్బరాకుల దాకా ఒకే ఫోటో. నిలువు పనోరమా చాలామందికి తెలీదు, ట్రై చెయ్యండి. తర్వాత ఓ ట్రాక్టర్ ఎక్కి, మోచేతులు పొట్టకి ఆనించి, ఎడమ నుంచి కుడికి సగం చుట్టు తిప్పాను.

సాయంత్రం తాతయ్యకి ఫోన్ ఇచ్చాను. తెర మీద అది వేలెడంత పట్టీ. పెద్దది చేస్తే మళ్ళీ ముక్కలే. కాసేపు చూసి, "వరస వంకరపోయిందేంట్రా? తిన్నగా కదా నిలబెడతారు?" అన్నాడు.

నిజమే. ప్రభలన్నీ విల్లులా వంగి ఉన్నాయి. మధ్యవి పెద్దగా, చివరవి చిన్నగా. నా చుట్టూ ఉన్నదాన్ని ఫోన్ ఒక సిలిండర్ లోపలి గోడ మీద గీసినట్టు గీసి, ఆ గోడని విప్పి బల్లపరుపుగా పరిచింది. పరిస్తే తిన్నటి గీత వంగుతుంది. మరి తిరిగి గుండ్రంగా వంచితే? ఇది నా ఐడియా అనుకుని రాత్రంతా మురిసిపోయాను. తర్వాత చదివితే తెలిసింది, రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు 1787లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 1793లో లండన్‌లో గుండ్రటి భవనమే తెరిచాడు. గోడ చుట్టూ బొమ్మ, మధ్యలో జనం. పనోరమా అన్న పేరు పుట్టింది ఆ బొమ్మలకే.

అమలాపురంలో ఫ్లెక్స్ షాపుకెళ్ళాను. "పుట్టినరోజా, వర్ధంతా?" అన్నాడు. ప్రభలన్నాను. ఆరడుగుల పొడవు వేయించాను. సగం చుట్టు కాబట్టి ఆరుని పైతో భాగిస్తే రేడియస్ రెండడుగులకి కాస్త తక్కువ. తాతయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళ ఎత్తులో ఓ కొస నేను, ఓ కొస నాన్న పట్టుకుని ఆయన ముందు అర్ధచంద్రంలా వంచాం. మామ్మ, "ఏంట్రా ఆ చాకిరీ" అంటూనే ఆయన వెనక నిలబడి తొంగిచూసింది.

తాతయ్య ఏమీ అనలేదు. తల ఎడమ నుంచి కుడికి, మెల్లగా తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"తిన్నగానే ఉంది," అన్నాడు.

లెక్కపెట్టడం మొదలెట్టాడు. తొమ్మిదే తేలాయి, రెండు చెట్ల చాటున పడ్డాయి. దానికి నన్ను తిట్టాడు. తర్వాత మన ప్రభ దగ్గర ఆగాడు. దాని కింద తడిసిన పంచెలతో కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కణ్ణీ వేలితో ముట్టుకుని, ఫలానావాడి కొడుకు, ఫలానావాడి మనవడు అని చెప్పుకుంటూ పోయాడు. చివరి మనిషి అయ్యాక ఆగి, "నువ్వేవిరా?" అన్నాడు.

"ఫోటో తీస్తున్నా కదా తాతయ్యా."

"ఊఁ," అన్నాడు. కొసలు పట్టుకుని మా చేతులు లాగుతున్నాయి. ఆయన మాత్రం ఇంకా ఆ తడి పంచెల దగ్గరే ఉన్నాడు.

సెలవులైపోయి హాస్టల్‌కి వచ్చేశాను. మొన్న ఫోన్ చేస్తే మామ్మ చెప్పింది, సాయంత్రాలు ఫ్లెక్స్ తీయించుకుంటున్నాడట. ఓ కొస కిటికీ ఊచకి కట్టించాడు, రెండోది వాకర్‌కి.