నాన్న లెన్సు అంచులు

నా కెమెరా నికాన్ డి7000. 2011లో వచ్చిన మొదటి బోనస్ పట్టుకెళ్ళి కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను. గ్రిప్ దగ్గర రబ్బరు ఊడొస్తుంటే ఫెవిక్విక్‌తో అంటించాను. అంతకు మించి దానికే రోగమూ లేదు. కాబట్టి ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనాలంటే నాకో కారణం కావాలి. ఆ కారణం కోసం రెండు నెలలు వెతికాను.

ఈ వెతుకులాట ఎలా ఉంటుందో మీకూ తెలిసే ఉంటుంది. రాత్రి పదకొండుకి మొదలవుతుంది. రివ్యూ వీడియోలు, ఎవరో తీసిన ఇటుకగోడ ఫొటోని నాలుగొందల శాతం పెద్దది చేసి చూడటం, ఈఎంఐ లెక్కలు. నికాన్ జెడ్5, పాత లెన్సులు తగిలించుకునే అడాప్టరు, రెండూ కలిపితే లక్షా పాతిక వేలు దాటుతోంది. తక్కువ వెలుతురులో బాగా తీస్తుంది, నిజమే. కానీ చీకట్లో నేను తీసేదేముంది? కూకట్‌పల్లి ఫ్లాట్ బాల్కనీలోంచి మెట్రో రైలు. అది ఏ కెమెరాతో తీసినా మెట్రో రైల్లాగే ఉంటుంది.

చివరికి కారణం మా ఇంట్లోనే దొరికింది. నాన్న లెన్సు.

1980ల చివర్లో మా మేనమామ కువైట్ నుంచి వస్తూ నాన్నకి నికాన్ ఎఫ్ఎం2 తెచ్చాడు, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సుతో సహా. తణుకు దగ్గర పల్లెటూళ్ళో లెక్కల మేష్టారి చేతిలో అలాంటి కెమెరా అప్పట్లో కాస్త వింతే. కెమెరా ఎప్పుడో మూలపడింది. లెన్సుని మాత్రం ఆ తేమ గాలికి బూజు పట్టకుండా, మందుసీసాల్లోంచి ఏరిన సిలికా జెల్ పొట్లాలతో కలిపి స్టీలు డబ్బాలో దాచాడు. నేను డి7000 కొన్నాక ఆ డబ్బా నా చేతిలో పెట్టాడు. లెన్సు చక్కగా బిగిసింది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అంతే.

తిరకాసు సెన్సరు దగ్గర ఉంది. నా కెమెరా సెన్సరు 23.6 × 15.6 మిల్లీమీటర్లు. ఫిల్ము ఫ్రేము 36 × 24. వైశాల్యంలో రెండింతలకి పైనే తేడా. లెన్సు లోపల వేసే బొమ్మ ఎప్పుడూ అంతే ఉంటుంది, నా సెన్సరుకి అందులో నడిమి ముక్క మాత్రమే అందుతుంది. అందుకే ఆ 50 ఎంఎం నా దగ్గర 75 ఎంఎంలా ప్రవర్తిస్తుంది. పదేళ్ళకి పైగా నాన్న లెన్సుతో తీస్తూ, నాన్న చూసినదాంట్లో నడిమి ముక్కే చూస్తున్నానన్నమాట.

(ఆ మాటకొస్తే 'ఫుల్' అనే పేరే ఒక జోకు. జర్మనీలో ఆస్కార్ బర్నాక్ 1913 ప్రాంతంలో సినిమా ఫిల్ముని అడ్డంగా నడిపించి, 18 × 24 ఫ్రేములు రెండు కలిపి 24 × 36 చేశాడు. 1925లో లైకా బజారుకొచ్చినప్పుడు అందరికీ అది బుల్లి కెమెరా. నిజాం కొలువులో పెద్ద పెద్ద గాజు పలకల మీద ఫొటోలు తీసిన మన రాజా దీన్ దయాళ్‌కి చూపిస్తే, మిగతా ఫొటో ఏదని అడిగేవాడు.)

మా ఇంటి అరుగు మీద తీసిన ఫొటో ఒకటుంది, 1989ది. మధ్యలో నాయనమ్మ, అమ్మ, అమ్మ చంకలో నేను. ఎడమ అంచున, పరిగెత్తుకొస్తున్న అక్క మోచెయ్యి. కుడివైపు స్తంభం మీద ఆరేసిన నాన్న కండువా. కింద మూలన ఎవరో తాగి వదిలేసిన కాఫీ గ్లాసు. ఆ ఫొటోలో నాకిష్టమైనవి ఈ చివరి మూడే. గేటు పక్కన కొబ్బరిచెట్టు దగ్గర నిలబడి తీశాడట. కిందటి సంక్రాంతికి నేనూ అక్కడే నిలబడి, అదే లెన్సులోంచి చూశాను. అమ్మ, అమ్మ వెనక తలుపు. స్తంభాలు రెండూ పోయాయి. వెనక్కి జరుగుదామంటే పంటకాలవ.

మా ఆఫీసులో శని ఆదివారాలు పెళ్ళి ఫొటోలు తీసే కుర్రాడొకడున్నాడు. ఇదంతా విని, "అన్నా, నీక్కావాల్సింది 35 ఎంఎం లెన్సు. పది పదిహేను వేల్లో అయిపోతుంది. అక్కడే నిలబడు, అదే ఫొటో వస్తుంది" అన్నాడు. అక్షరాలా నిజం. 35ని ఒకటిన్నరతో హెచ్చిస్తే 52.5. వాడి మీద నాకు కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో ఇంటికెళ్ళేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

మార్చిలో జరిగిన సంగతి వాడికి చెప్పలేదు. కొన్నాళ్ళుగా నాన్న ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకుంటోంది. పక్కనున్న బిందెని తన్నేస్తున్నాడు. పెద్దతనం అనుకున్నాం. డాక్టరు గ్లకోమా అన్నాడు. మావైపు నీటికాసులంటారు. గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. రిపోర్టులో మధ్యన కాస్త తెలుపు, చుట్టూ నలుపు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి, చుక్కల మందు ఒక్కరోజు కూడా మానకూడదు అన్నారు.

బయటికొచ్చాక అడిగాను. "చుట్టూ నల్లగా కనిపిస్తోందా నాన్నా?"

"నలుపేంట్రా, అంతా మామూలుగానే ఉంది. బిందె మాత్రం ఉండదు. కాలికి తగిలాక ఉంటుంది."

ఆ రాత్రి బస్సులో మళ్ళీ కెమెరాల పేజీ తెరిచాను. నాన్నకి కనిపించకుండా పోతున్న అంచులు ఆయన లెన్సులో భద్రంగా ఉన్నాయి, నా కెమెరా వాటిని కోసేస్తోంది. ఈ ఆలోచన రాత్రి రెండింటికి సూర్యాపేట దగ్గర ఎంత గొప్పగా అనిపించిందో! పొద్దున కూకట్‌పల్లిలో దిగేసరికి సిగ్గేసింది. లక్షా పాతిక పెట్టి నేను కొన్నదేదీ ఆయన కంట్లో పడదు.

అయినా మనసు ఊరుకోలేదు. మే నెలలో జెడ్5ని, అడాప్టరుని మూడు రోజులకి అద్దెకి తీసుకున్నాను. నాలుగున్నర వేలు, ఆధార్ జిరాక్సు, పైన అడ్వాన్సు.

సాయంత్రం ఎండ తగ్గాక కొబ్బరిచెట్టు దగ్గర నిలబడి కంటికి పెట్టుకున్నాను. రెండు స్తంభాలూ వచ్చాయి. కుడి స్తంభానికి ఇప్పుడు కండువా లేదు, వైఫై డబ్బా వేలాడుతోంది. ఎడమ అంచున పక్కింటివాళ్ళ స్కూటీ అద్దం. అందంగా ఏమీ లేదు. నేను మాత్రం చాలాసేపు దించలేదు.

"ఇలా తే" అంటూ నాన్న వచ్చాడు. ఎఫ్ఎం2లో రెండు ముక్కలుగా కనిపించే బొమ్మని కలిపి ఫోకస్ చేసేవాడు. ఇందులో ఫోకస్ కుదిరిన చోట ఎర్రటి గీతలు వస్తాయని చెప్పేలోపే ఆయన వేళ్ళు రింగు మీదకి వెళ్ళిపోయాయి. కాసేపు కదల్లేదు. తర్వాత కెమెరాని మెల్లగా ఎడమకి తిప్పాడు, మెల్లగా కుడికి. అంచుల్ని ఒక్కొక్కటిగా మధ్యలోకి తెచ్చుకుని చూస్తున్నాడు.

"మీ అక్క ఇటునుంచే పరిగెత్తుకొచ్చింది" అన్నాడు. "వెళ్ళి మీ అమ్మ పక్కన నిలబడు."

నిలబడ్డాను. నొక్కాడు. ఫొటోలో అమ్మ నిండుగా, ఫోకస్ అదిరిపోయేలా ఉంది. నేను ఎడమ అంచున, సగం మొహం, ఒక మోచెయ్యి.

"బాగొచ్చిందా?"

"బాగొచ్చింది నాన్నా."

"రేటెంత?"

చెప్పాను.

"నీ పాతదానికేమైంది?"

"రబ్బరు ఊడుతోంది."

ఆయన మళ్ళీ ఏమీ అడగలేదు. ఆదివారం రాత్రి బయల్దేరుతూ లెన్సుని సంచిలో పెట్టబోతుంటే, స్టీలు డబ్బా తెచ్చి మూత తీసి పట్టుకున్నాడు. "కెమెరా అద్దెదే కదా. లెన్సు ఇక్కడుండనీ. వచ్చినప్పుడల్లా పట్టుకురా." డబ్బాలో పొట్లాలు కొత్తవి. చుక్కల మందు వాడుతున్నప్పటి నుంచీ మందుల షాపువాడిని అడిగి తెస్తున్నాడట.

సోమవారం కెమెరా తిరిగిచ్చేసి, ఆఫీసు క్యాంటీన్లో కూచుని లెక్కేశాను. నాన్న చెకప్ మూణ్ణెల్లకోసారి, అంటే ఏడాదికి నాలుగుసార్లు ఊరు. నాలుగున్నర చొప్పున 18,000. ఆ లెక్కన కొత్త కెమెరా ఖరీదుకి చేరడానికి దగ్గర దగ్గర ఏడేళ్ళు పడుతుంది. తర్వాతి చెకప్ ఆగస్టు రెండో వారం. ఆ మూడు రోజులకీ జెడ్5 చెప్పి ఉంచాను.