నాయన కారు

పోయిన నెల హోసూరు చంద్రచూడేశ్వర స్వామి కొండ ఎక్కుతుంటే మా పాత ఆటోమేటిక్ కారు ఇంజను గట్టిగా అరిచింది, బండి మాత్రం ముందుకు పోలేదు. మెకానిక్ నడిపి చూసి, "గేర్‌బాక్స్ పోయింది, మార్చాల" అన్నాడు. ఆ ఖర్చు కారు ధర కంటే ఎక్కువ. అమ్మేద్దామన్నాం. నాయన ఏమీ మాట్లాడలేదు. ఆయన ఎడమ కాల్లో పట్టు లేదు, క్లచ్ తొక్కలేరు. ఈ కారు పోతే ఆయన బండి తోలడమే ఆగిపోతుంది.

రాత్రి కారుతో వచ్చిన పుస్తకం తీశాం. అందులో చెప్పినట్టే బండి వేడెక్కించి, సమంగా ఉన్న చోట నిలిపి, గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి చూశాం. ఆయిల్ కింది గీతకు కూడా అందలేదు. రంగు ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. ప్రాణం లేచొచ్చింది. ఆయిల్ చాలకపోతే లోపల ఒత్తిడి పడిపోయి క్లచ్ ప్లేట్లు జారతాయి. ఈ ఆయిల్ ఇంజను ఆయిల్ లాగా మండి తరిగేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కింద దూరి చూస్తే రేడియేటరుకు పోయే పైపు దగ్గర తడి కనిపించింది. పైపు మార్పించి, పుస్తకంలో రాసిన రకం ఆయిలే పోయించాం.

నిన్న కొండ మీదికి నాయనే తోలారు. మేము వెనక సీట్లో కూర్చున్నాం.

మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే, గేర్‌బాక్స్ విప్పించే ముందు ఆయిల్ చూడండి. నల్లబడి మాడు వాసన వస్తే మాత్రం తోలకండి.