ఒకటిన్నర మిల్లీమీటరు రింగు

వార్షికోత్సవ సంచికకు "నీ పని గురించే రాయన్నా" అని పిల్లలు ఫోను చేశారు. నా పని ఫోటోలు తీయడం. అందులో నాకు అన్నం పెట్టిన ఒక చిన్న సంగతి ఉంది. ఫిలిం కాలం నాటి లెన్సులను డిజిటల్ కెమెరాలకు బిగించుకోవడం. చదువుకునే మీకు ఇందులో కొంత సైన్సు, కొంత లెక్క, కొంత పొదుపు కనబడతాయి.

నేను పదో తరగతి దాకా పుంగనూరు హాస్టల్లో ఉన్నాను. ఇంటర్ చదవడానికి మదనపల్లె పోయాను. పగలు కాలేజీ, సాయంత్రం ఒక ఫోటో స్టూడియోలో పని. లైట్లు మోసేవాణ్ణి, ఆల్బములు అతికించేవాణ్ణి. అప్పటికే ఫిలిం రోళ్ళ గిరాకీ పడిపోయింది. స్టూడియో బీరువాలో రష్యావాళ్ళ జెనిట్ ఒకటి, జపాను పెంటాక్స్ కె1000 ఒకటి దుమ్ము పట్టి ఉండేవి. కె1000 అంటే 1976లో వచ్చి 1997 దాకా తయారైన కెమెరా. ఎంతోమంది దాని మీదే పని నేర్చుకున్నారు. "ఇవి ఇంకెవరికి గావాల్రా, పాత సామాన్లోడు వస్తే వేసెయ్" అన్నాడు ఓనరన్న. నేను అడిగితే జెనిట్‌ను లెన్సుతో సహా నా చేతిలో పెట్టాడు. ఆ లెన్సు పేరు హీలియోస్ 44-2.

డిగ్రీ అయినాక సెకండ్ హ్యాండులో కెనాన్ 1100డి ఒకటి కొనుక్కుని కుప్పం చేరాను. పెద్ద మంటపాల పెళ్ళిళ్ళు నాకెవరిస్తారు? మన కాలనీల పెళ్ళిళ్ళే దొరికాయి. ఇంటి ముందర షామియానా, రెండు ట్యూబులైట్లు. కెమెరాతో వచ్చిన 18-55 లెన్సుకు ఆ వెలుతురు చాలదు. ఫ్లాష్ వేస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు, వెనకాల చీకటి. అవ్వలైతే కళ్ళు మూసేసుకుంటారు.

లెన్సు మీద ఉండే ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ లోపలికి వస్తుంది. ఆ 18-55 లెన్సును 55 దగ్గర పెడితే ఆ అంకె 5.6 కంటే కిందికి దిగదు. హీలియోస్‌ది 2. ఈ లెక్కలో అంకెను దానితోనే హెచ్చవేయాలి. 5.6ను 5.6తో వేస్తే 31, 2ను 2తో వేస్తే 4. అంటే పాత లెన్సు దాదాపు ఎనిమిది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. అంత వెలుతురు ఇచ్చే కొత్త లెన్సు కొనాలంటే నేను వడ్డీకి తేవాల్సిందే. రింగుకు నాకు పట్టింది 600 రూపాయలు.

ఆ రింగు ఎలా పని చేస్తుందో చెబుతాను. చిన్నప్పుడు మనమంతా భూతద్దంతో ఎండలో కాగితం కాల్చినవాళ్ళమే. అద్దాన్ని సరిగ్గా ఒక దూరంలో పట్టుకుంటేనే వెలుతురు చుక్కగా మారి కాగితం కాలుతుంది. కెమెరా కూడా అంతే. లెన్సు ఆనుకునే అంచు నుంచి ఫిలిందాకా, లేదా సెన్సారుదాకా, ఉండే దూరాన్ని ప్రతి కంపెనీ ఒక అంకెగా నిర్ణయించుకుంది. దాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. జెనిట్ లెన్సుది ఎం42 అనే మర. 42 మిల్లీమీటర్ల వెడల్పు, బోల్టులా తిప్పి బిగించాలి. దాని దూరం 45.46 మిల్లీమీటర్లు. కెనాన్ 1987లో తెచ్చిన ఇ.ఎఫ్. అమరికకు 44. తీసివేస్తే 1.46. రింగు మందం అంతే. దానిలో అద్దం లేదు, కరెంటు లేదు. ఒకవైపు మర, ఇంకోవైపు కెనాన్‌కు పట్టే కొక్కేలు.

ఈ తీసివేత చేయకుండా కొంటే డబ్బు దండగే. నాకు తెలిసిన ఒకాయన మినోల్టా లెన్సుకు కెనాన్ రింగు తెప్పించుకున్నాడు. మినోల్టా దూరం 43.5. కెనాన్ 44 కంటే అదే తక్కువ. రింగు పెట్టేకొద్దీ లెన్సు ఇంకా దూరం జరుగుతుంది. దగ్గరి పువ్వు బాగా వచ్చింది, దూరంగా ఉన్న కొండ మాత్రం ఎంత తిప్పినా మసకే. నికాన్ కెమెరా దూరం 46.5 కాబట్టి జెనిట్ లెన్సుకు అక్కడా ఇదే చిక్కు. అద్దం ఉన్న రింగులు అమ్ముతారు గానీ, చౌకరకం అద్దం బొమ్మను చెడగొడుతుంది.

2008లో పానాసోనిక్ జి1 వచ్చినప్పటి నుంచి ఈ చిక్కు తగ్గింది. లోపలి అద్దం తీసేయడంతో ఇలాంటి కెమెరాలు పలచబడ్డాయి. సోనీ ఇ అమరిక దూరం 18 మిల్లీమీటర్లే. జెనిట్, పెంటాక్స్, మినోల్టా, నికాన్ పాత లెన్సులు ఏవైనా తగిన గొట్టం లాంటి రింగుతో పట్టేస్తాయి. మెనూలో లెన్సు లేకపోయినా షట్టర్ పడేలా పెట్టుకోవాలి.

కష్టాలు కూడా చెప్పాలి. ఫోకస్ చేత్తో తిప్పాలి. నా కెనాన్‌లో స్క్రీన్ మీద బొమ్మను పదింతలు పెద్దది చేసి కంటిపాప చూసుకుంటాను. కెమెరాకు ఈ లెన్సు ఉన్నట్టే తెలియదు, ఎఫ్ అంకె దగ్గర 00 అని చూపిస్తుంది. ఆ అంకెను లెన్సు మీదే తిప్పుకోవాలి. సెన్సారు చిన్నది కాబట్టి 58 లెన్సు 93లా దగ్గరగా చూపిస్తుంది. ముఖాలకు బాగుంటుంది, ఇరుకింట్లో గ్రూపు ఫోటోకు పనికిరాదు. పరుగెత్తే పిల్లల్ని పట్టుకోలేం. అందుకే తాళి కట్టే సమయానికి నేను మామూలు లెన్సే వేస్తాను. ఆ ముహూర్తం రెండోసారి రాదు కదా! అంతా అయినాక అరుగు మీద కూర్చున్న అవ్వను, తాతను హీలియోస్‌తో తీస్తాను. వాళ్ళలో చాలామందికి ఆధార్ కార్డు ఫోటో తప్ప ఇంకొకటి ఉండదు. ఆ ఒక్క ఫోటో చూసి పక్క ఊరివాళ్ళు పిలిచారు. నా గిరాకీ అలా పెరిగింది.

మీలో ఎవరికైనా పాత లెన్సు దొరికితే ముందు సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి చూడండి. సాలెగూడు లాంటి తెల్లని పోగులుంటే అది బూజు, వదిలేయండి. రింగు తిప్పితే లోపలి రేకులు తెరుచుకుని మూసుకోవాలి. తర్వాత రెండు అంకెలు కనుక్కుని తీసివేయండి. ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి. కొత్తది కొనే స్తోమత లేనివాడు లెక్క బాగా తెలుసుకోవాలి. మనకు అప్పు తప్పించేది అదే.

మా బ్యాచ్‌కు హాల్ టికెట్ మీద అంటించిన ఫోటో తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఈసారి వార్షికోత్సవానికి కెమెరా, ఆ లెన్సు రెండూ తెస్తున్నాను. పదో తరగతి తమ్ముళ్ళు ఒక్కొక్కరే వచ్చి వరండాలో వెలుతురు తగిలేలా కూర్చోండి. ప్రింట్లు నేనే వేయించి వార్డెన్ సారుకు పంపిస్తాను. డబ్బులు వద్దు. పక్కవాడి ఫోటోకు ఫోకస్ మాత్రం మీరే తిప్పాలి. నేర్పిస్తాను.