చేపల కన్నా ముందు కళ్లు

డైవింగ్ గైడంటే రోజంతా చేపలు చూస్తూ జీతం తీసుకునేవాడని మా చుట్టాల్లో పేరు పడిపోయింది. నిజానికి నేను ఎక్కువగా చూసేది వచ్చినవాళ్ల కళ్లు. మాస్కు అద్దం వెనక కళ్లు పెద్దవయ్యాయంటే ఊపిరి గాడి తప్పుతున్నట్టే. చేపల సంగతి తరవాత.

మా మకాం అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, బోట్ల దగ్గర పాత పేరే నడుస్తోంది. నవంబరు నుంచి మే దాకా మాకు ఊపిరి సలపదు. ఈత రాకపోయినా గైడు పట్టుకుని 12 మీటర్ల లోపు దించుతాడు కాబట్టి హైదరాబాదు, విజయవాడల నుంచి కొత్త జంటలు బాగానే వస్తాయి. నా నోట తెలుగు వినగానే "అన్నా, మనోళ్లేనా!" అంటారు. సగం భయం అక్కడే పోతుంది.

మిగతా సగం చెవుల్లో ఉంటుంది. 10 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డు మీదకంటే రెట్టింపు. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదుకుంటూ దిగాలి, అదీ నొప్పి పుట్టకముందే. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. పైకొచ్చేటప్పుడు లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరగొచ్చు. ఒడ్డున అందరూ బుద్ధిగా తలూపుతారు. కిందకెళ్లి కెమెరా కనబడగానే బొటనవేలు ఎత్తుతారు. మాకు ఆ సైగకి అర్థం 'పైకి పోదాం' అని. ఫొటో కోసం ఎత్తారో, నిజంగానే పోదామంటున్నారో తేల్చుకోవాలంటే మళ్లీ ఆ కళ్లే దిక్కు.

ఊపిరి నెమ్మదించాక అసలు పని మొదలవుతుంది. సీ అనిమోన్ చేతుల మధ్య నారింజరంగు క్లౌన్ ఫిష్‌ని చూపిస్తాను. అరచేయంత లేదు గానీ, ఇంటి మీదకొస్తే మాస్కు మీదకే దూకుతుంది. గుంపులో పెద్దది ఆడది. అది చస్తే దాని జోడు మగచేపే ఆడదిగా మారిపోతుంది. బోటెక్కాక ఈ ముక్క చెబితే కొత్త పెళ్లికొడుకులు పెళ్లాం వైపు ఓ చూపు చూస్తారు. పారెట్ ఫిష్‌ని చూడక్కర్లేదు, వింటే చాలు. జంతికలు నమిలినట్టు పగడపు రాతిని కరకరలాడిస్తుంది. దిబ్బల చుట్టూ ఉన్న తెల్ల ఇసుకలో చాలా భాగం అది తిని విసర్జించిందే. ఫొటోల్లో ముచ్చటగా కనిపించే ఆ ఇసుక గురించి ఇది మాత్రం అందరికీ చెప్పను.

పగడాన్ని ముట్టనివ్వను. 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు బాగా తెల్లబారాయి. లోపలుండి తిండిపెట్టే నాచును అవి బయటికి నెట్టేస్తాయి. వేడి త్వరగా దిగకపోతే ఆకలితో చస్తాయి. కొమ్ము పగడాలు మళ్లీ లేస్తున్నచోట ఒక్క ఫిన్ను తగిలినా పుటుక్కుమంటాయి. ఒడ్డున దొరికిన ముక్కైనా సంచీలో వేసుకుంటే వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుందని చెబితేగానీ కొందరు వదలరు.

నాకు నిజంగా విసుగు తెప్పించేది ఇంకొకటుంది. "మధ్యాహ్నం ఫ్లైటన్నా, పొద్దున్నే ఓసారి దించెయ్" అంటారు. రక్తంలో కరిగిన నైట్రోజన్ పోవడానికి ఒక్క డైవుకైనా కనీసం 12 గంటలు, ఎక్కువైతే 18 గంటలు విమానమెక్కకూడదు. ప్యాకేజీ అమ్మినవాళ్లు ఇది చెప్పరు. చెప్పి తిరిగి పంపేది నేనే, తిట్లు తినేదీ నేనే.