దీపమార్పిన రోగము పోవునా?

మేము కాలిఫోర్నియాలో కాపురముండగా నొకనాడు మా కారునందు పసుపుపచ్చని హెచ్చరిక దీపము వెలిగెను. కారుకొట్టమున పెట్రోలు వాసనయు వచ్చుచుండెను. సంకేతములు చదువు చిన్న యంత్రమును తగిలింపగా పి 0455 అని చూపెను. పెట్రోలావిరి మిక్కుటముగా బయటికి పోవుచున్నదని దాని యర్థము. మీట నొక్కి సంకేతమును తుడిచితిమి. దీపమారెను, మేము సంతసించితిమి.

నాలుగు దినములకు మరల వెలిగెను. నీళ్లు కాచు గ్యాసుపొయ్యి యా కొట్టముననే కలదు. పైగదిలో పిల్లలు నిదురింతురు. అది తలపునకు రాగానే గుండె ఝల్లుమనెను. వెంటనే కారును వీథిలో నిలిపితిమి.

టాంకులోని యావిరి బొగ్గుడబ్బాలో నిలిచి, పిదప ఇంజనులోనికి పోయి మండవలెను. టాంకు మూత బిగువుగనే యున్నది. డబ్బాకు పోవు రబ్బరు గొట్టము పగిలియుండెను. క్రొత్తది వేయించిన పిమ్మటనే సంకేతమును తుడిచితిమి. అట్లు తుడిచినచో కారు కొన్నిదినములు నడచి తన్ను తాను మరల పరీక్షించుకొనవలెను. అంతవరకు ప్రభుత్వమువారి పొగపరీక్షకు పోయినను ప్రయోజనము లేదు. వాసన పోయెను, దీపము మరల వెలుగలేదు.

సోదరీమణులారా! థర్మామీటరును దాచినంతమాత్రమున బిడ్డకు జ్వరము తగ్గునా? మేము మొదట చేసిన పని యట్టిదే.